గుండె జబ్బున్న పెద్దవారికి కళ్లు ఎందుకు తిరుగుతాయి?

మన సంఘం నడిపే ఉచిత వైద్య శిబిరంలో పేర్లు రాసే బల్ల దగ్గర కూర్చోవడం కొన్నేళ్లుగా నా పని. పేరు, వయసు, ఊరు, బాధ ఏమిటి, ఈ నాలుగూ రాసి చీటీ చేతికిచ్చి డాక్టరుగారి దగ్గరికి పంపాలి. అరవై దాటినవారు వచ్చినప్పుడు ఆ నాలుగో గడిలో నేను మాటిమాటికీ రాసే మాట "కళ్లు తిరుగుతున్నాయి" అని. మన ఇళ్లలో చాలామంది దాన్నే "చక్కర్ వస్తోంది" అంటారు. ఓసారి నాకు సాయంగా కూర్చున్న ఇంటర్ కుర్రాడు ఒక పెద్దావిడ చెప్పిన చక్కర్‌ను చక్కెర అనుకుని చీటీ మీద "షుగర్" అని రాసి పంపాడు. అక్కడ వేలికి సూది గుచ్చి, షుగర్ బాగానే ఉందమ్మా, ఇక వెళ్లవచ్చు అన్నారు. ఆవిడ తిరిగొచ్చి నా మీద కేకలేస్తే గానీ సంగతి బయటపడలేదు. అప్పుడు అందరం నవ్వుకున్నాం. తర్వాత ఆలోచిస్తే, ఈ బాధ విషయంలో మన ఇళ్లలో జరుగుతున్నదీ అదే అనిపించింది. మాట ఒకటి, అర్థం చేసుకునేది మరొకటి.

ముందే ఒక సంగతి చెప్పాలి. నేను డాక్టరును కాను. ముప్పై ఏళ్లుగా హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెబుతున్నాను. గుండెకు నాలుగు గదులుంటాయని బోర్డు మీద ఎర్ర సుద్దతో, నీలి సుద్దతో బొమ్మ వేసి చెప్పడం నాకు కొట్టిన పిండి. ఆ పాఠం మా ఇంట్లో ఎలా పనికిరాకుండా పోయిందో చెప్పడానికే ఈ వ్యాసం.

మా అబ్బాకు డెబ్బై నాలుగో ఏట గుండెపోటు వచ్చింది. స్టెంటు వేశారు. కోలుకున్నారు. ఓ ఏడాది గడిచాక అప్పుడప్పుడూ కళ్లు తిరుగుతున్నాయనడం మొదలుపెట్టారు. "ఏం లేదురా, పైత్యం" అని ఆయనే సర్ది చెప్పేవారు. అమ్మ అల్లం కషాయం పెట్టేది. నేను "మెడ నరాలేమో, దిండు మార్చండి" అన్నాను. నాలుగు నెలలు అలా గడిచాయి. ఒకరోజు ఫజ్ర్ వేళకు ముందు నిద్ర లేచి, వుజూకని స్నానాల గది వైపు నడుస్తూ గడప దగ్గర పడిపోయారు. తుంటి ఎముక విరిగింది.

ఆసుపత్రిలో ఒక నర్సమ్మ ఆయనకు పడుకోబెట్టి బీపీ చూసింది, 138. మరునాడు పరిస్థితి చూసుకుని, మెల్లగా మంచం మీదే కూర్చోబెట్టి మళ్లీ చూసింది, 108. డాక్టరు ఆ రెండు అంకెలూ చూసి మందులన్నీ తెమ్మన్నారు. నేను తీసుకెళ్లిన సంచిలో మూడు చోట్ల రాయించుకున్న మందులున్నాయి. గుండె డాక్టరు టెల్మిసార్టాన్ రాశారు. మా ఊళ్లోని డాక్టరు బీపీ ఎక్కువగా ఉందని ఒకసారి ఇంకో మాత్ర రాశారు. దాని పేరు వేరు, రంగు వేరు. కాని అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఉన్నది మళ్లీ టెల్మిసార్టానే, దానితోపాటు మూత్రం ఎక్కువగా పోయించే మందు కూడా. ఇక ప్రొస్టేట్ ఇబ్బందికని మూడో చోట టామ్సులోసిన్ ఇచ్చారు. అదీ కొందరికి నిలబడగానే బీపీ పడేస్తుంది. ముగ్గురూ తమ తమ వరకు సరైనదే రాశారు. ఆ మూడూ ఒకే మనిషి కడుపులోకి వెళ్తున్నాయని చూడవలసినవాణ్ణి నేను. ప్రతి ఆదివారం వారానికి సరిపడా మాత్రలు డబ్బాలో సర్దింది కూడా నేనే. పాఠ్యపుస్తకంలో బొమ్మ కింద చిన్న అక్షరాలు కూడా చదవండిరా అని పిల్లలను కోప్పడే నేను, ఆ అట్ట మీద పెద్ద అక్షరాలు తప్ప మరేమీ చదవలేదు.

ఆ తర్వాత తెలుసుకున్నవి, డాక్టర్లను అడిగి సరిచూసుకున్నవి కింద రాస్తున్నాను.

ఎలా తిరుగుతున్నాయి?

తెలుగులో ఈ బాధకు ఒక్క మాట లేదు, చాలా ఉన్నాయి. అది మన అదృష్టం. గది గిర్రున తిరుగుతున్నట్టుంటే తల తిరుగుతోందంటాం. చీకట్లు కమ్మి పడిపోతానేమో అనిపిస్తే కళ్లు బైర్లు కమ్మాయంటాం. తల బాగానే ఉండి కాళ్లు మాత్రం అదుపులో లేకపోతే తూలుతున్నామంటాం. 1972లో డ్రాక్‌మన్, హార్ట్ అనే ఇద్దరు అమెరికా వైద్యులు ఇంచుమించు ఇలాగే ఈ బాధను నాలుగు రకాలుగా విడదీశారు. నాలుగోది, ఇదీ అని చెప్పలేని తల తేలిక. కళ్లు బైర్లు కమ్మడమంటే మెదడుకు రక్తం చాలడం లేదని అర్థం, అంటే గుండె, బీపీ వైపు చూడాలి. గిర్రున తిరగడం సాధారణంగా చెవి లోపలి బాధ.

కాని పెద్దవాళ్లు అన్నిటికీ ఒకే మాట వాడేస్తారు. అందుకే ఈ మధ్య డాక్టర్లు "ఎలా ఉంది" అన్నదానికంటే "ఎప్పుడు వస్తుంది, ఏం చేస్తే వస్తుంది, ఎంతసేపు ఉంటుంది" అన్న మూడు ప్రశ్నలకే ఎక్కువ విలువిస్తున్నారు. ఇంట్లోవాళ్లం గమనించి రాసిపెట్టవలసినవీ అవే.

లేచి నిలబడగానే

మనం పడుకుని లేచి నిలబడగానే సుమారు అర లీటరు రక్తం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ, కాళ్లలోకీ పొట్టలోకీ దిగిపోతుంది. మిద్దె మీది ట్యాంకులో నీళ్లు తగ్గితే పై అంతస్తు కుళాయి ముందు ఆగిపోతుంది కదా, మనిషికి పై అంతస్తు మెదడు. శరీరం బరువులో అది రెండు శాతమే అయినా, మనం వాడుకునే ఆక్సిజన్‌లో ఐదో వంతు దానికే కావాలి. మెడకు రెండు పక్కలా ఉన్న ధమనుల్లోనూ, గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని వంపులోనూ ఒత్తిడిని కనిపెట్టే నాడులుంటాయి. ఒత్తిడి తగ్గిందని అవి కబురు పంపగానే గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుస్తాయి. వయసులో ఉన్నవారికి ఇదంతా మనకు తెలియకుండానే క్షణాల్లో జరిగిపోతుంది. వయసు మీద పడ్డాక ఆ కబురు ఆలస్యమవుతుంది. పైగా గుండె వేగం పెరగకుండా మెటోప్రొలాల్, అటెనొలాల్ వంటి మందులు ఆపి ఉంచుతాయి. నాళాలు బిగియకుండా మరో మందు వదులు చేస్తుంది. షుగర్ ఎన్నో ఏళ్లుగా ఉన్నవారికైతే ఆ నాడులే దెబ్బతిని ఉంటాయి.

నిలబడిన మూడు నిమిషాల్లోపు పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే దాన్ని జబ్బు కిందే లెక్కిస్తారు. ఇంట్లో బీపీ యంత్రం ఉన్నవారు దీన్ని సులభంగా పట్టుకోవచ్చు. ఐదు నిమిషాలు పడుకోబెట్టి చూడాలి. తర్వాత నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు చూడాలి. పక్కన ఒకరు పట్టుకుని ఉండాలి సుమా. మనం ఎప్పుడూ కుర్చీలో కూర్చుని చేయి చాచి చూపించుకునే బీపీలో ఈ తేడా కనబడదు. మా అబ్బాకు నాలుగు నెలల్లో మూడుసార్లు బీపీ చూశారు, మూడుసార్లూ కూర్చోబెట్టే.

ఇది ఎక్కువగా తెల్లవారుజామునే వస్తుంది. రాత్రంతా నీళ్లు తాగి ఉండరు. ఒకటికి రెండుసార్లు మూత్రానికి లేచి ఉంటారు. మగవారు నిలబడి మూత్రం పోస్తున్నప్పుడు కూడా బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు, రాత్రిపూట కూర్చుని పోయడమే క్షేమం. మంచం దిగే ముందు ఒక నిమిషం కాళ్లు వేలాడేసి కూర్చోవడం, పాదాలు పైకీ కిందికీ పదిసార్లు ఆడించడం, లేచాక రెండడుగులు వేసే ముందు మంచం పట్టె పట్టుకుని నిలబడడం, ఈ మూడూ ఖర్చు లేని మందులు. నమాజులో సజ్దా నుంచి లేచి నిలబడేటప్పుడు కళ్లు చీకట్లు కమ్ముతున్నాయని కొందరు పెద్దలు చెబుతుంటారు. గుండె కంటే కింద ఉన్న తల ఒక్కసారిగా నాలుగైదు అడుగుల పైకి వచ్చినప్పుడు జరిగేది ఇదే. అలాంటివారు కుర్చీ మీద నమాజు చేయడానికి సిగ్గుపడుతుంటారు. మా అబ్బా కూడా పడ్డారు. సందేహముంటే ఇమాముగారినే అడగండి, లేనివాడికి పట్టుదల ఎందుకని ఆయనే చెబుతారు.

భోజనం తర్వాత గంటా రెండు గంటల్లో నిద్రమత్తుగా ఉండి, లేవగానే తూలడం మరో రకం. అరుగుదల కోసం రక్తం పేగుల వైపు మళ్లడం దీనికి కారణం. కడుపు నిండా బిర్యానీ తిని వెంటనే లేచే పెద్దవారిని పెళ్లిళ్లలో ఒక కంట కనిపెట్టండి. ఒక్కసారే ఎక్కువగా కాకుండా కొద్దికొద్దిగా తింటే ఇది చాలావరకు తగ్గుతుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. బీపీ పడిపోయిందనగానే మనవాళ్లు చేసే మొదటి పని ఉప్పు కలిపిన మజ్జిగో, నిమ్మరసమో తాగించడం. మామూలు మనిషికి, ఎండదెబ్బ తగిలినవాడికి అది మంచిదే. కాని గుండె బలహీనపడి, కాళ్లకు నీరు చేరి, రోజుకు ఇన్ని నీళ్లే తాగాలి, ఉప్పు తగ్గించాలి అని చెప్పించుకున్న మనిషికి అదే పనిగా ఉప్పునీళ్లు పడితే రాత్రికి ఆయాసం వస్తుంది. మరోవైపు మే నెల ఉక్కలో చెమట కారిపోతుంటే, మూత్రం పోయించే మాత్ర అదే మోతాదులో వేసుకుంటూ పోతే ఒంట్లో నీరూ సోడియమూ పడిపోయి తూలు వస్తుంది, మాట కూడా తికమకపడుతుంది. వేసవి మొదట్లో ఒకసారి డాక్టరును కలిసి "ఎండాకాలం ఈ మాత్ర ఎంత వేసుకోమంటారు" అని అడగడమొక్కటే దీనికి దారి. ఇంట్లో మనం తేల్చే లెక్క కాదిది.

గుండె లయ తప్పినప్పుడు

కూర్చుని పేపరు చదువుకుంటున్న మనిషికి, కదలకుండానే, హెచ్చరిక లేకుండా కళ్లు చీకట్లు కమ్మితే అది వేరే సంగతి. మెదడుకు ఆరేడు సెకన్లు రక్తం ఆగితే చాలు, మనిషి స్పృహ తప్పుతాడు. గుండెలో సహజంగా ఉండే విద్యుత్తు వయసుతో బలహీనపడి, కొట్టుకోవడం మధ్యమధ్య ఆగిపోవచ్చు, లేదా పై గదుల నుంచి కింది గదులకు సంకేతం అందకపోవచ్చు. అందుకు వైద్యం పేస్‌మేకర్. 1958లో స్వీడన్‌లో మొట్టమొదట దాన్ని ఒంట్లో అమర్చుకున్న ఆర్నె లార్సన్ రోజుకు ఎన్నోసార్లు స్పృహ తప్పుతూ చావుకు దగ్గరైన మనిషి. జీవితకాలంలో ఇరవైకి పైగా యంత్రాలు మార్చుకుని 2001 దాకా, 86 ఏళ్లు బతికాడు. పేస్‌మేకర్ అనగానే "ఇక అయిపోయింది" అని భయపడే కుటుంబాలకు ఈయన సంగతి నేను చెబుతుంటాను.

గుండె మరీ వేగంగా కొట్టుకున్నా ఇదే బాధ. గదులు నిండే తీరికే ఉండదు, ఎంత కొట్టుకున్నా పంపేది కొంచెమే. నాడి వరసా వావీ లేకుండా కొట్టుకుంటుంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కావచ్చు. దానివల్ల గుండెలో రక్తం గడ్డకట్టి మెదడుకు వెళ్తే పక్షవాతం వస్తుంది, ఆ ప్రమాదం మామూలు వారికంటే సుమారు ఐదు రెట్లు. దీన్ని కనిపెట్టడానికి యంత్రమేదీ అక్కర్లేదు. బొటనవేలి మొదట్లో మణికట్టు మీద మూడు వేళ్లు ఆన్చి గడియారం చూస్తూ నిమిషం లెక్కపెట్టండి. ఎనిమిదో తరగతి పిల్లలు కూడా చేస్తారు ఈ పని, మా పిల్లలతో ఏటా చేయిస్తాను. కూర్చున్నప్పుడు 60 నుంచి 100 మధ్య ఉండాలి. గుండె మందు వాడేవారికి 55 దాకా తగ్గడం ఉంటుంది. 50కి దిగి, కళ్లు కూడా తిరుగుతుంటే అదే రోజు డాక్టరుకు చెప్పాలి. ఆసుపత్రిలో తీసిన ఈసీజీ బాగుందని ఊరుకోవద్దు. అది కొన్ని సెకన్ల ఫొటో మాత్రమే, గుండె తప్పు చేసింది నిన్న సాయంత్రం. అందుకే ఇరవై నాలుగు గంటలు ఛాతీకి తగిలించి ఉంచే హోల్టర్ పరీక్ష చేస్తారు. ఆ రోజు ఏ గంటకు ఏం చేశారో, ఎప్పుడు కళ్లు తిరిగాయో చీటీ మీద రాసిపెట్టకపోతే సగం ప్రయోజనం పోతుంది.

మెట్లెక్కుతున్నప్పుడో, బరువు ఎత్తినప్పుడో, వేగంగా నడిచినప్పుడో కళ్లు తిరిగితే గుండె కవాటం సంగతి చూడాలి. గుండె నుంచి రక్తం బయటికి వెళ్లే కవాటం మామూలుగా మూడు నాలుగు చదరపు సెంటీమీటర్లు తెరుచుకుంటుంది. వయసుతో సున్నం పేరుకుని అది ఒక చదరపు సెంటీమీటరు కంటే తగ్గితే, పనిచేసే కాళ్లకూ మెదడుకూ ఒకేసారి రక్తం చాలదు. ఎకో పరీక్షలో ఇది స్పష్టంగా తెలుస్తుంది. ఛాతీ కోయకుండా తొడ దగ్గరి నాళం గుండా కొత్త కవాటం అమర్చే పద్ధతి 2002లో ఫ్రాన్స్‌లో క్రిబియే అనే డాక్టరు మొదలుపెట్టారు. ఇప్పుడు మన దేశంలోనూ చేస్తున్నారు గాని ఖర్చు ఎక్కువ.

మందుల సంచి

గుండె రోగి ఇంట్లో మొదట వెతకవలసిన చోటు మందుల సంచి. దాచిపెట్టినవి కూడా తీయండి, మోకాళ్ల నొప్పులకని అంగట్లో అడిగి తెచ్చుకున్న మాత్రలతో సహా. స్టెంటు వేసినవారు రక్తం పలుచన చేసే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతుంటారు. వాటి మీద డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్ర పడితే కడుపులో పుండు పడి సన్నగా రక్తం కారవచ్చు. నెలలు గడిచేసరికి మనిషి పాలిపోయి, నాలుగడుగులు వేస్తే కళ్లు తిరుగుతాయి. విరేచనం తారులా నల్లగా ఉందా అని అడగడానికి మొహమాటపడవద్దు. నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్ర నిలబడి వేసుకుంటే అక్కడికక్కడే కూలబడవచ్చు, కూర్చుని వేసుకోవాలి. ఆ జాతి మందు వాడే మగవారు డాక్టరుకు చెప్పకుండా వయాగ్రా వంటివి తీసుకుంటే బీపీ ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోతుంది. సిగ్గుపడి దాచే విషయం కాదది. డిగాక్సిన్ వాడేవారికి ఆకలి చచ్చి, వాంతులై, చూపులో పసుపు ఛాయలు కనబడి, తల తిరుగుతుంటే మందు ఒంట్లో ఎక్కువైందేమో చూడాలి. షుగర్ మాత్రలు వేసుకుని భోజనం ఆలస్యం చేసినా కళ్లు తిరుగుతాయి. పైన చెప్పిన మెటోప్రొలాల్ వంటివి వాడేవారికి షుగర్ పడిపోయినప్పుడు వచ్చే గుండెదడ, వణుకు తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది, దాన్ని గుర్తుగా పెట్టుకోండి.

ఇంత చదివాక మందులే శత్రువులని ఎవరూ మానేయవద్దు. స్టెంటు వేసిన కొత్తలో రక్తం పలుచన చేసే మాత్ర సొంతంగా ఆపితే స్టెంటు మూసుకుపోయి మళ్లీ గుండెపోటు వస్తుంది. మా అబ్బాకు చేసింది కూడా మందులు మానిపించడం కాదు. రెండుసార్లు పడుతున్న దాన్ని ఒకటి చేశారు, ప్రొస్టేట్ మాత్రను రాత్రి పడుకునే వేళకు మార్చారు. అంతే.

రంజాన్‌కు నెల ముందే డాక్టరును కలవాలి. రోజుకు మూడుసార్లు వేసుకునే మందును సహరీకి, ఇఫ్తార్‌కు సర్దవచ్చో లేదో, మూత్రం పోయించే మాత్ర సంగతేమిటో ఆయనే చెప్పాలి. మనంతట మనం మూడు పూటల మాత్రలు రెండు పూటలకు కుక్కితే ఇఫ్తార్ తర్వాత తరావీహ్‌లో నిలబడినప్పుడు బీపీ కూలుతుంది. రోగికి ఉపవాసం విషయంలో సడలింపు ఉన్న సంగతి మనందరికీ తెలుసు, దాన్ని వాడుకోవడానికే మనసొప్పదు.

గుండె కానిది

గుండె జబ్బున్నంత మాత్రాన ప్రతి తిప్పూ గుండెదే కాదు. మంచంలో పక్కకు తిరగగానే, పై అరలో డబ్బా అందుకోవడానికి తల ఎత్తగానే గది గిర్రున తిరిగి, నిమిషంలోపే ఆగిపోతే అది చాలావరకు చెవి లోపలి బాధ. అక్కడ సన్నని సున్నపు రేణువులు తమ చోటు వదిలి అర్ధచంద్రాకార నాళంలోకి జారతాయి. తలను ఒక వరుసలో తిప్పి వాటిని మళ్లీ చోటికి చేర్చే ఎప్లీ పద్ధతితో చాలామందికి ఒకటి రెండు సార్లలోనే తగ్గిపోతుంది. దీనికి మెడ నరాలని, పైత్యమని నెలల తరబడి మాత్రలు మింగేవారిని శిబిరంలో చూశాను. తల తిరగడం తగ్గించే ఆ మాత్రలు ఎక్కువ కాలం వాడితే కొందరికి మత్తు, తూలు ఇంకా పెరుగుతాయి.

ఉన్నట్టుండి తల తిరగడంతోపాటు మూతి ఒక పక్కకు పోయినా, చేయి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా, వస్తువులు రెండుగా కనబడినా అది మెదడు పక్షవాతం. ఛాతీ నొప్పి, ఆయాసం, చల్లని చెమట తోడైతే గుండెపోటు. స్పృహ తప్పి పడిపోతే, వెంటనే తేరుకున్నా సరే, ఇంట్లో ఉంచవద్దు. ఇవేవీ తెల్లవారేదాకా ఆగవు, 108కి ఫోన్ చేయండి. కళ్లు తిరిగి పడిపోయిన మనిషిని నలుగురూ పట్టి కూర్చోబెడతారు, అది తప్పు. పడుకోబెట్టే ఉంచి, దెబ్బ తగల్లేదని చూసుకుని, కాళ్ల కింద రెండు దిండ్లు పెట్టండి. ఆయాసపడుతుంటే మాత్రం తల వైపు ఎత్తు చేయాలి. పూర్తిగా తెలివి వచ్చేదాకా నోట్లో నీళ్లు పోయకండి. ఊపిరి ఆడకుంటే, పిలిచినా కదలకుంటే, ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, వేగంగా నొక్కుతూనే ఉండండి, వాహనం వచ్చేదాకా.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మందుల సంచి మొత్తం వెంట తీసుకెళ్లండి. దానితోపాటు ఒక కాగితం మీద అట్టల వెనక చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందుల పేర్లు, ఏ పూటకు ఎన్ని, ఎవరు రాశారు అన్నవి వరుసగా రాసుకోండి. చదవడం ఇబ్బందైతే శిబిరం రోజున నా బల్ల దగ్గరికి తీసుకురండి, నేను రాసిస్తాను.